తేలు విషం: నొప్పి ఒకచోట, ప్రమాదం ఇంకొకచోట

తేలు కుట్టిందనగానే మన ఊళ్లలో మొదట అడిగేది "ఎందాకా ఎక్కింది?" అని. కాలివేలి మీద కుడితే సలుపు మోకాలు దాటిందా, తొడ దాటిందా, గజ్జల్లో బిళ్ల కట్టిందా అని చూస్తారు. చింతపిక్క అరగదీసి అంటించేవాళ్లయినా, మంత్రం వేసేవాళ్లయినా దించేది ఆ సలుపునే. అది వేలి కొసకు దిగితే గండం గడిచినట్టే లెక్క. నొప్పి ఎంతో విషం అంతే అని తరతరాలుగా నమ్ముతూ వచ్చాం. గత అరవై ఏళ్లలో వైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు తేలు విషం గురించి తెలుసుకున్నవన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఈ కొలత నిలవదు. మనిషి ప్రాణం తీయగల తేలు విషయంలో అది చాలాసార్లు తలకిందులు కూడా.

ఇప్పటిదాకా శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన తేలు జాతులు 2,500 పైమాటే. వాటిలో మనిషికి ప్రాణాపాయం కలిగించేవి కొన్ని పదులు మాత్రమే. దాదాపు అవన్నీ బ్యూథిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. షిపో, గోయిఫాన్ అనే ఫ్రెంచి పరిశోధకులు 2008లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 12 లక్షల మందిని తేళ్లు కుడుతున్నాయి, 3,250 మందికి పైగా చనిపోతున్నారు. అంటే వెయ్యి మందికి ముగ్గురు కూడా లేరు. మనల్ని ఏమార్చేది ఈ లెక్కే. మిగతా 997 మందిలో చాలామందికి పసరు పోసినా తగ్గుతుంది, మంత్రం వేసినా తగ్గుతుంది, ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. ఆ ముగ్గురు ఎవరో ముందే పసిగట్టడమే తేలుకాటు వైద్యం మొత్తానికీ అసలు ప్రశ్న.

మన నేల మీద ఆ ముగ్గురి వెనక ఉండేది ప్రధానంగా ఎర్ర తేలు. శాస్త్రీయ నామం హాటెంటోటా టామ్యులస్. పాత వైద్య గ్రంథాల్లో బ్యూథస్ టామ్యులస్ అనీ, మెసోబ్యూథస్ టామ్యులస్ అనీ కనిపించేది ఇదే. కొంకణ తీరం, కర్ణాటక, రాయలసీమ, తెలంగాణ, తమిళనాడు, పుదుచ్చేరి, సౌరాష్ట్ర దీని నెలవులు. పొడవు 4 నుంచి 9 సెంటీమీటర్లు. నల్లగా అరచేయంత ఉండే మండ్రగబ్బ పక్కన పెడితే ఇది కంటికి ఆనదు. కానీ మండ్రగబ్బకు బలమంతా ముందు చేతుల్లో ఉంటుంది. ఎరను వాటితోనే నలిపేస్తుంది కనుక విషం మీద అంతగా ఆధారపడదు. ఎర్ర తేలుకు ముందు చేతులు సన్నం, తోక లావు. ముందు చేతులు సన్నగా, తోక లావుగా ఉన్న తేలుతో జాగ్రత్త అని వైద్య విద్యార్థులకు చెప్పే గుర్తు ఇదే. అన్ని జాతులకూ వర్తించదు గానీ మన దగ్గర పనికొస్తుంది.

తోక చివరి బుడిపెలో రెండు విషగ్రంథులుంటాయి. వాటిని కండరం చుట్టి ఉంటుంది. కొండి కొనకు కాస్త ఇవతల రెండు సన్నని రంధ్రాలు. కండరం బిగిస్తే విషం వాటిలోంచి బయటికి వస్తుంది. విషం తయారు చేసుకోవడం తేలుకు ఖరీదైన పని, అందుకే పొదుపుగా వాడుతుంది. దక్షిణాఫ్రికాలోని పారాబ్యూథస్ తేలు మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2003లో ప్రచురించిన పని ఇక్కడ చెప్పుకోదగ్గది. ఆ తేలు మొదట వదిలే చుక్క తేటగా ఉంటుంది. అందులో పొటాషియం లవణం ఎక్కువ. భరించలేని నొప్పి పుట్టించడానికి అది చాలు. అప్పటికీ శత్రువు వదలకపోతేనే మాంసకృత్తులతో నిండిన చిక్కటి తెల్లని విషం వస్తుంది. నొప్పికి ఒక సరుకు, చంపడానికి ఇంకొకటి. ఆ రెంటినీ తేలే విడదీసి వాడుతోంటే మనం ఒకటే అనుకుంటున్నాం.

చిక్కటి విషంలో ఏముంది? ప్రధానంగా చిన్న చిన్న పెప్టైడ్లు. 60, 70 అమైనో ఆమ్లాల గొలుసులు కొన్ని, వాటిలో సగం ఉండేవి కొన్ని. ఒక్కో గొలుసు మూడు నాలుగు గంధకపు బంధాలతో గట్టిగా ముడిపడి ఉంటుంది కనుక ఒక పట్టాన చెడిపోదు. వీటి గురి నాడీకణాల మీది సోడియం, పొటాషియం ద్వారాలు. నాడిలో సంకేతం నడవాలంటే సోడియం ద్వారం తెరుచుకుని, మిల్లీసెకను లోపే మూసుకోవాలి. ఎర్ర తేలు లాంటి ఆసియా, ఆఫ్రికా తేళ్ల విషంలోని ఆల్ఫా టాక్సిన్లు ఆ మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. పొలంలో మడవ తెరిచి మరిచిపోయినట్టు సోడియం లోపలికి పారుతూనే ఉంటుంది, సంకేతం ఆగకుండా పోతూనే ఉంటుంది. అమెరికా ఖండాల తేళ్లలో ఎక్కువగా ఉండే బీటా టాక్సిన్లు ఇంకో పని చేస్తాయి: తెరుచుకోనక్కరలేని వేళ ద్వారాన్ని తెరిపిస్తాయి. పొటాషియం ద్వారాలను మూసే టాక్సిన్లు నాడి మళ్లీ నెమ్మదించకుండా అడ్డుపడతాయి. అలాంటి వాటిలో ఐబీరియోటాక్సిన్ అనేదాన్ని 1990లో మన ఎర్ర తేలు విషం నుంచే వేరు చేశారు. కండరాలు, రక్తనాళాల మీద పనిచేసే పరిశోధనశాలలు ఇవాళ ప్రపంచమంతటా దాన్ని పనిముట్టుగా వాడుతున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాము విషాల్లో చాలావాటిలా ఎర్ర తేలు విషం రక్తాన్ని విరిచేయదు, కండను కుళ్లబెట్టదు. మన నరాల్ని మన మీదికే ఉసిగొల్పుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో ఊరిన మన సొంత రసాయనాలే.

ఆ రసాయనాల ఉప్పెన రెండు దశల్లో వస్తుంది. మొదటిది ఎసిటైల్‌కోలిన్ దశ. వాంతులు, ఒళ్లంతా ధారగా చెమట, నోట్లో లాలాజలం ఊరిపోవడం, గుండె కొట్టుకోవడం నెమ్మదించడం. మగవాళ్లలో, మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవచ్చు. ఈ చివరి లక్షణం ఇళ్లలో చెప్పడానికి సిగ్గుపడతారు, చాలామంది దాచేస్తారు. దాచకూడదు. విషం ఒళ్లంతా పాకిందని తొలి గంటల్లోనే చెప్పే గట్టి గుర్తుల్లో అదొకటి. చిన్నపిల్లవాణ్ని తేలు కుడితే బట్టలు విప్పి చూడమని వైద్యులకు ప్రత్యేకంగా చెబుతారు.

రెండోది అడ్రినలిన్ దశ, ప్రాణాంతకమైనది. అడ్రినల్ గ్రంథులు, నాడుల కొసలు కలిసి అడ్రినలిన్, నారడ్రినలిన్‌లను రక్తంలోకి కుమ్మరిస్తాయి. ఒంటి చివళ్లలోని సన్నని రక్తనాళాలన్నీ బిగుసుకుపోతాయి. చేతులు, కాళ్లు మంచులా చల్లబడతాయి. రక్తపోటు పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. బిగిసిన నాళాల్లోకి రక్తాన్ని నెట్టలేక గుండె ఎడమ గది అలసిపోతుంది. ముందుకు పోలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అక్కణ్ణుంచి పరిస్థితి వేగంగా చేయి దాటుతుంది. పడుకుంటే ఊపిరాడదు. దగ్గు, ఆ వెంట గులాబీ రంగు నురగ. రక్తపోటు పెరిగిన మనిషికి కాసేపటికి అదే పడిపోవడం మొదలవుతుంది. ఇదే అడ్రినలిన్ ఇన్సులిన్‌ను అణచివేస్తుంది కనుక రక్తంలో చక్కెర, కొవ్వు ఆమ్లాలు పెరిగి, అలసిన గుండె మీద ఇంకో బరువు పడుతుంది. ముంబైలో పనిచేసిన శరీరధర్మ శాస్త్రవేత్త కె. రాధాకృష్ణ మూర్తి ఏళ్ల తరబడి ఈ కోణం మీదే శ్రమించి, ఇన్సులిన్‌తో చికిత్స చేయాలని వాదించారు. ఆ చికిత్స వాడుకలో నిలవలేదు గానీ, తేలుకాటు గుండెను మాత్రమే కాదు, ఒంటి ఇంధన వ్యవస్థ మొత్తాన్నీ తలకిందులు చేస్తుందన్న ఎరుక ఆయన పని వల్ల బలపడింది.

పిల్లల్లో ఇదంతా వేగంగా జరుగుతుంది. తేలు వదిలే విషం పెద్దవాడికీ పసివాడికీ ఒకటే, దాన్ని మోసే ఒళ్లే చిన్నది.

ఈ సంగతులు ఒక్కరోజులో తెలిసినవి కావు. తేలుకాటుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోతున్నారని ముండ్లే అనే వైద్యుడు 1961లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇజ్రాయెల్‌లోని బీర్‌షెబాలో మోషే గెరాన్ బృందం తేలు కుట్టిన రోగుల గుండెనూ మూత్రాన్నీ పరీక్షించి, అసలు దోషి అడ్రినలిన్ కుటుంబమేనని 1970 నాటికి చూపించింది. కానీ రోగం తెలిసినా మందు దొరకలేదు. చెమట, లాలాజలం ఆపాలని అట్రోపిన్ ఇచ్చేవారు. అది గుండెకున్న చివరి పగ్గాన్ని కూడా తెంచేది. స్టెరాయిడ్లు, యాంటీహిస్టమిన్లు, మత్తుమందుల మిశ్రమాలు అన్నీ వాడి చూశారు. 1961 నుంచి 1983 దాకా కొంకణంలో ఆసుపత్రికి చేరిన తీవ్ర రోగుల్లో నూటికి 25 నుంచి 30 మంది చనిపోయేవారు.

ఈ కథను మలుపు తిప్పింది ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మహారాష్ట్ర రాయగఢ్ జిల్లా మహాడ్ తాలూకా బిర్వాడీలో 1976లో వైద్యాధికారిగా చేరిన హిమ్మత్‌రావు బావస్కర్, తేలు కుట్టి వచ్చిన ప్రతి రోగి పక్కనే కూర్చుని గంట గంటకూ నాడి, రక్తపోటు, చెమట, చేతుల చల్లదనం రాసుకున్నారు. పెద్ద యంత్రాలేవీ లేవు. ఆ పరిశీలనలు 1982లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆయన గమనించినవాటిలో నన్ను అన్నిటికన్నా ఆపింది ఇది: కుట్టినచోట భరించలేని నొప్పితో కేకలు వేస్తూ వచ్చినవాళ్లలో చాలామందికి ఆ నొప్పి తప్ప వేరే ఏమీ కాలేదు. నొప్పి పెద్దగా లేదంటూనే వాంతులు చేసుకుని, చెమటలో తడిసి, చల్లని చేతులతో వచ్చినవాళ్లు గంటల్లో నురగ కక్కారు. మన ఊరి కొలతకు ఇది నేరుగా ఎదురు.

ఉప్పెన అడ్రినలిన్‌దయితే దానికి అడ్డుకట్ట కూడా అక్కడే వేయాలి. రక్తనాళాలను బిగించే ఆల్ఫా గ్రాహకాలను మూసే ప్రాజోసిన్ అనే బిళ్ల అప్పటికే రక్తపోటుకు వాడుకలో ఉంది. చవకది, నోటితో మింగేది. బావస్కర్ దాన్ని తేలుకాటుకు వాడి, ఫలితాలను 1986లో లాన్సెట్‌లో ప్రచురించారు. బిళ్ల పడ్డాక నాళాలు సడలుతాయి, గుండె మీద బరువు దిగుతుంది, అణగిపోయిన ఇన్సులిన్ కూడా మళ్లీ ఊరుతుంది. పిల్లలకు కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చి, మూడు గంటలకు మళ్లీ చూసి, చేతులు వెచ్చబడి, చర్మం పొడిబారి, ముంజేతి మీద రక్తనాళాలు కనిపించేదాకా కొనసాగిస్తారు. మందు పనిచేస్తోందని చెప్పడానికి ఇంతకన్నా పరీక్ష అక్కరలేదు, రోగి చేయి పట్టుకుంటే తెలుస్తుంది. ప్రాజోసిన్ వచ్చాక మరణాలు నూటికి ఒకటి కన్నా తగ్గాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం బావస్కర్‌కు పద్మశ్రీ ఇచ్చింది. అయితే ఈ బిళ్ల ఇంట్లో వేసుకునేది కాదు. మొదటి మోతాదు తర్వాత రోగి లేచి నిలబడితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. పడుకోబెట్టి, వైద్యుల కళ్లెదుట ఇవ్వాల్సిన మందు.

విషానికి విరుగుడు సీరం సంగతేమిటి? వైద్యుల్లో అభిప్రాయభేదం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. 1999లో ట్యునీషియాలో అబ్రూగ్ బృందం 825 మంది మీద జరిపిన పరీక్షలో సీరం వల్ల ప్రయోజనం కనబడలేదు. 2009లో అమెరికాలోని ఆరిజోనాలో లెస్లీ బోయర్ బృందం తీవ్రంగా జబ్బుపడిన 15 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో సీరం పొందిన 8 మందీ నాలుగు గంటల్లో కోలుకున్నారు. పొందని ఏడుగురిలో ఒక్కరే కోలుకున్నారు. 2011లో బావస్కర్ దంపతులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరీక్షలో 70 మంది రోగులున్నారు. ప్రాజోసిన్‌తో పాటు సీరం కూడా ఇచ్చిన 35 మందిలో 32 మంది పది గంటల్లో పూర్తిగా తేరుకుంటే, ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 8 మందే తేరుకున్నారు. ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేయవని నా అభిప్రాయం. ట్యునీషియాలో తీవ్రత చూడకుండా అందరికీ ఇచ్చారు. ఎలాగూ కోలుకునేవాళ్లే అందులో ఎక్కువ కాబట్టి మందు ప్రభావం కనబడే అవకాశం తక్కువ. సీరం రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది. అప్పటికే ఊరిన అడ్రినలిన్‌ను అది ఆపలేదు, దాన్ని ఆపేది ప్రాజోసిన్. లక్షణాలు కనబడినవాళ్లకు, తొందరగా, ఆ ప్రాంతపు తేలుకు సరిపడే సీరం, పక్కనే ప్రాజోసిన్: ఇవాళ ఉన్న సాక్ష్యం చెప్పేది ఇంతే. సీరం లేదని ప్రాజోసిన్ ఇవ్వకుండా కూర్చోవడం మాత్రం క్షమించరానిది.

వేరే దేశాల తేళ్లు వేరే దారులు తొక్కుతాయి. ఆరిజోనా బెరడు తేలు కుట్టిన పిల్లల్లో గుండె కన్నా కండరాలు, కళ్లు అదుపు తప్పుతాయి. కనుగుడ్లు గిర్రున తిరుగుతాయి, నాలుక అదురుతుంది. ట్రినిడాడ్ తేలు క్లోమాన్ని వాచేలా చేస్తుంది. ఇరాన్‌లోని ఖూజిస్తాన్‌లో హెమిస్కార్పియస్ లెప్టురస్ అనే తేలుంది. బ్యూథిడే కుటుంబానికి బయట మనిషిని చంపగల తేలుగా పేరుపడ్డది ఇదే. కుట్టినప్పుడు నొప్పి దాదాపు తెలియదు. తర్వాత చర్మం కుళ్లుతుంది, ఎర్రరక్తకణాలు పగులుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పి లేదు కదా అని ఊరుకున్నవాళ్లు ఆలస్యంగా ఆసుపత్రికి చేరేది ఇందుకే.

నొప్పికి వేరే యంత్రాంగం ఉందని అణువుల స్థాయిలో కూడా ఇప్పుడు తెలుసు. 2019లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం ఆస్ట్రేలియా తేలు ఒకదాని విషం నుంచి ఒక టాక్సిన్‌ను వేరు చేసింది. ఆవఘాటు తగిలినప్పుడు మంట పుట్టించే గ్రాహకాన్నే అది పట్టుకుంటుంది. రెండేళ్ల తర్వాత జూలియస్‌కు నోబెల్ వచ్చింది, స్పర్శ, ఉష్ణ గ్రాహకాల మీద చేసిన పనికి. ఆరిజోనా ఎడారిలో ఒక ఎలుక బెరడు తేళ్లను హాయిగా తింటుంది. ఆ విషమే దాని నాడుల్లో నొప్పి సంకేతాన్ని ఆపేస్తుందని ఆష్లీ రో బృందం 2013లో చూపించింది. ఒకే విషం ఒక జీవికి నరకం, ఇంకో జీవికి నొప్పిమందు. కొత్త నొప్పిమందుల కోసం వెతికేవాళ్లు ఈ ఎలుక మీద ఆశ పెట్టుకోవడం సహజం. మెదడు కణితులకు అంటుకునే క్లోరోటాక్సిన్ అనే పెప్టైడ్ కూడా 1993లో తేలు విషం నుంచే దొరికింది. శస్త్రచికిత్సలో కణితి ఎక్కడిదాకా ఉందో వెలుగుతో చూపించే పదార్థంగా దాన్ని మనుషుల మీద పరీక్షిస్తున్నారు. తేలు విషం లీటరు కోట్లు పలుకుతుందన్న ప్రచారాలు దీన్ని ఆసరా చేసుకునే పుట్టాయి. ఒక తేలు ఒక్కసారి ఇచ్చే విషం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అది కూడా శుద్ధి చేసిన ప్రయోగశాల సరుకైతేనే విలువ. అమ్ముకుందామని తేళ్లను డబ్బాల్లో పోగేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మళ్లీ మన నేలకు వద్దాం. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం భక్తులు కొండ మీద రాళ్లెత్తి తేళ్లను పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. కర్ణాటక సరిహద్దు అవతల యాదగిరి జిల్లా కందకూరులో నాగపంచమి నాడు పిల్లలు సైతం తేళ్లను ఒంటి మీద పాకించుకుంటారు. ఆ భక్తిని నేను తక్కువ చేయను. కానీ అక్కడ ఎవరికీ ఏమీ కాలేదన్నది వెయ్యిలో 997 లెక్కకు లోబడినదే. కట్టెల మోపులో చేయి పెట్టిన కూలితల్లికి, పిడకల గూట్లో ఆడుకునే పిల్లవాడికి ఆ లెక్క భరోసా ఇవ్వదు.

పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. మన దేశం 2024లో దాని మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. తేలుకాటుకు అంతటి శ్రద్ధ దక్కలేదు. ఎర్ర తేళ్లున్న ప్రతి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అలమరలో ప్రాజోసిన్ ఉండాలి, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు దాని వాడకం తెలిసి ఉండాలి. ఖర్చు పరంగా ఇంతకన్నా తేలికైన ప్రాణరక్షణ నాకు తోచడం లేదు.

చదువుతున్న మీకు ఒక విన్నపం. ఇంట్లో ఎవరినైనా తేలు కుడితే గాటు పెట్టకండి, కట్టు బిగించకండి, నోటితో పీల్చకండి. కుట్టినచోట కడిగి, చల్లని గుడ్డ వేయండి. ఎందాకా ఎక్కిందని అడగడం మాని, చేతులు పట్టుకుని చల్లబడ్డాయేమో చూడండి. వాంతి అయిందా, చెమట పట్టిందా, మగపిల్లవాడైతే అంగం గట్టిపడిందా అని చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా, నొప్పి లేకపోయినా సరే, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసిపిల్లల విషయంలో ఏమీ కనబడకపోయినా తీసుకెళ్లి, ఒక రోజు వైద్యుల కళ్ల ముందు ఉంచండి.